గొర్రెదాటు

గుట్ట మీద పలకరాయికి పైన బెత్తెడు మన్నే ఉంది. గిట్టలు పడితే అదీ గాలికి పోతుందని, సీమలో ప్రతి గొర్రె మెడకూ సర్కారు పట్టీ వచ్చింది. పలుచని నేల మీద కాలు పెడితే పట్టీ కరెంటుతో కరుస్తుంది. లోతు మన్నులోకి రమ్మని, అందులో పట్టి పెట్టిన కాపరి గొంతుతో పిలుస్తుంది. సుంకక్క మందకు ఆ గొంతు ఆమె మొగుడు బీరప్పది. ఆయన పోయినా రోజూ పిలుస్తూనే ఉన్నాడు.

లోతు మన్ను ఉండేది ఎండిన వంకలోనే. మంద అక్కడే మేస్తోంది. ఎగువ గుట్టల్లో వాన దంచుతోంది. ఆ రాయి చుక్క నీరు తాగదు, పడిందంతా వంకలోకే జారుతుంది.

"అత్తా, వంకొస్తాంది! ఇవి కదలకుండాయి!" కోడలు ఈరమ్మ అరిచింది.

సుంకక్క అదిలించింది. గట్టంచున పట్టీలు కరిచేసరికి గొర్రెలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాయి.

"రాండి నాయనా, కిందికి రాండి," అన్నాడు బీరప్ప, అన్ని మెడల్లోంచి.

"ముందరి పొట్టేలును పట్టుకోమే!"

సుంకక్క కొడవలితో దాని పట్టీ కోసింది. ఇద్దరూ కొమ్ములు పట్టి దాన్ని గట్టెక్కించారు. వెనకే ఒక గొర్రె దూకింది. దాని వెనక ఇంకొకటి. గొర్రెదాటు పట్టీలకు తెలియదు. అవి కరుస్తున్నా, అరుస్తూనే మందంతా దాటింది.

గుట్ట మీద ఒక్కొక్క పట్టీనీ కోసి వంకలోకి విసిరారు. ఎర్రనీళ్లలో అన్నీ తేలిపోతూ పిలుస్తున్నాయి.

"రాండి నాయనా..."

సుంకక్క కాలు ముందుకు పడింది. ఈరమ్మ ఆమె కొంగు వదల్లేదు.