తలుపు ముందు బూడిద

మీరే చేశారు, క్వారీ దొరలూ! పెనుకొండ దారిలో గుట్టను పేల్చితే మనిషి పుట్టకముందు తిరిగిన ప్రాణి ఎముకలు బయటపడ్డాయి. పని ఆగిపోతుందని భయపడి, వాటిని చూడటానికొచ్చిన ఝాన్సీని ఎముకలతో సహా షెడ్డులో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని హిందూపురం పోయారు.

చీకటి పడింది. కరెంటు లేదు. ఎముకను బట్టి నడకను చెప్పడమే ఝాన్సీ చదువు. టార్చి వెలుగులో పాదం ఎముకలు పేర్చి చూసింది. బొటనవేలు చేతి బొటనవేలిలా పక్కకు తిరిగి ఉంది. బరువంతా పాదం బయటి అంచు మీద మోపి నడిచిన ప్రాణి ఇది.

చనిపోయినవాళ్లు తిరిగొస్తే జాడ తెలియాలని బూడిద చల్లడం క్వారీ కాపలాదారు తిరుపాల్ ఇంటి ఆచారం. సాయంత్రం షెడ్డు గడప ముందు చల్లితే ఝాన్సీ నవ్వింది. ఇప్పుడు తలుపవతల అతని గొంతు వినబడింది.

"మేడమ్, బూడిదలో అడుగులు పడినాయి."

"నీవేలేప్పా. తాగి తిరిగింటావు."

"నాకు చెప్పులుండాయి మేడమ్. దీని బొటనవేలు పక్కకు తిరిగుండాది. బయటి అంచే లోతుగా దిగుండాది."

ఝాన్సీ తలుపుకు చెవి ఆనించింది. "యాడికి పోయినాయి?"

"లోపలికే. తాళం వేసింది వేసినట్టే ఉండాది. బయటికొచ్చిన జాడ లేదు."

ఆమె వెనక, చీకట్లో, నేల మీద పాదం ఆనిన చప్పుడైంది. ఆగింది. మళ్లీ ఇంకొకటి, దగ్గరగా. టార్చిని అటు తిప్పడానికి చెయ్యి రాలేదు.

దొరలూ, మీ లారీల లెక్క రేపు చూసుకోండి. ఇప్పుడే లేవండి. వచ్చి ఆ తలుపు తీయండి!