నా ఒకే ఒక్క స్టూడెంట్

"చెవిలో కూడా సుత్తి, దాగలి ఉంటాయి నాన్నా. మీ షాపులో ఉన్నట్టే."

"ఊ," అన్నాడు నాన్న, కన్నార్పకుండా నా మొహమే చూస్తూ.

నీట్ రెండుసార్లు తప్పి లాంగ్‌టర్మ్ కోచింగులో ఉన్నా, పాఠం చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. ఆటోనగర్ రేకుల షాపులో పొద్దంతా సుత్తి దెబ్బల మధ్య పనిచేసి వచ్చిన మనిషి ఇంత శ్రద్ధగా ఊ కొడుతున్నాడంటే అది నా గొప్పే కదా.

"ఇంకా లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వాటివల్లే వినపడుతుంది. రోజూ పెద్ద మోత వింటే అవి చచ్చిపోతాయి."

"ఊ."

సుద్దముక్క తీసుకుని గోడవైపు తిరిగాను. బొమ్మ గీస్తూ, మా జువాలజీ సార్ ఫక్కీలో ఇంకా చాలా చెప్పాను. ఊ రాలేదు.

"అర్థమైందా నాన్నా?"

దానికీ రాలేదు. కాసేపటికి, "ఇటు తిరిగి సెప్పమ్మా. నీ మొకం కనపడకపోతే నాకేటీ తెల్దు," అన్నాడు.

"ఆ మోతలో అందరూ పెదాలు సూసే మాటాడుకుంటారు," అంది అమ్మ వంటింట్లోంచి. "ఇప్పుడు ఇంటికాడా అదే. నీకు తెలీదేటే?"

తెలీదు. మొన్నటి మాక్ టెస్టులో చెవి మీద అడిగినవన్నీ కరెక్టుగా రాశాను.

నాన్న లేచి వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాపి గోడ మీద నేను గీసిన వెంట్రుకల్ని వేలితో తాకాడు.

"సచ్చిపోయినవి మల్లీ మొలుత్తాయేటమ్మా?"

నిద్రలో లేపి అడిగినా చెప్పగల జవాబు. బొమ్మ దిద్దుతున్నట్టు మళ్లీ గోడవైపు తిరిగాను.

"మొలవవు నాన్నా," అన్నాను.

వెనక ఊ వినపడలేదు.