కొండ మీద పెళ్లిచూపులు

అల్లుణ్ణి చూడాలంటే ఎవరైనా ఇంటికి పిలిచి కాఫీ ఇస్తారు. ప్రేమలీల మొగుడు ఫ్రాన్సిస్‌కు బుర్ర అంత తిన్నగా పనిచేస్తే ఇంకేం! "మగోడి సంగతి కుర్సీలో తెల్దే, కొండ మీద తెలుత్తాది" అని, యారాడ కొండల వెన్ను మీద మూడు శిఖరాలూ దాటించడానికి పెళ్లికొడుకుతోపాటు పెళ్లాన్నీ కూతుర్నీ కూడా తెల్లారకుండానే బయల్దేరదీశాడు. వాళ్లింట్లో అదే ఆచారమట. మూడో శిఖరం మీద మామ "సరే" అంటేనే చర్చిలో ప్రధానం. లేదంటే ఎవరి దారిన వాళ్లు కొండ దిగడమే.

మొదటి శిఖరం మీదే ఫ్రాన్సిస్ మొహం ఆముదం తాగినట్టయింది.

"ఆడేటి సేత్తన్నాడే?"

పెళ్లికొడుకు రోషన్ బండల సందులో చెయ్యి పెట్టి, కుళ్లిన బిర్యానీ పొట్లం ఒకటి బయటికి లాగుతున్నాడు. దాన్ని భుజానున్న గోనెసంచిలో పడేసి, గ్లవ్స్ దులుపుకుని, బీరు సీసా కోసం ముళ్లపొదలోకి దూరాడు.

"చెత్త ఏరుతన్నాడు నాన్నా," అంది స్టెఫీ గర్వంగా. "ఎక్కడికెళ్లినా అంతే. బీచ్‌లో అలా ఏరుతుంటేనే నాను చూశాను."

"యాక్! ఊరందరి ఎంగిలీ ఎత్తేవోడికా నా కూతుర్నిచ్చేది?"

"పారేసినోళ్లకి లేని సిగ్గు ఎత్తేవాడికెందుకండీ?" అంది ప్రేమలీల, బండను రెండు చేతులా వాటేసుకుని. "ముందు నన్ను పైకి లాగండి."

అక్కణ్ణించి రెండో శిఖరానికి దారి లేదు, రాళ్లే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లోయ, దాని అవతల పోర్టు క్రేన్లు. నడుమ మనిషి వెడల్పున కొండ వెన్ను. అందరూ నాలుగు కాళ్ల మీద పాకారు. కాలిన పెనంలా ఉన్న బండలకు అరచేతులు అంటుకుపోయాయి. అంత ఎత్తుకీ మహానుభావులు డైపరు కూడా మోసుకొచ్చి వదిలిపెట్టారు. రోషన్ దాన్నీ ఎత్తాడు. ఫ్రాన్సిస్‌కు డోకొచ్చింది.

శిఖరం మీద ప్రేమలీల నిమ్మకాయ పులిహోర, చేపల వేపుడు విప్పింది. రోషన్ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఫ్రాన్సిస్ తన పొట్లం పట్టుకుని దూరం జరిగాడు.

"ఆడి సెయ్యి తగిలింది నాకొద్దు. కంపు!"

తినేసి, ముళ్లతో సహా పొట్లం కాగితాన్ని గాలికి విసిరేశాడు. అది ఎగిరి వాలులోని రాతికి తట్టుకుంది. రోషన్ బోర్లా పడుకుని కిందికి జారాడు. కాళ్ల కింద గులకరాళ్లు జలజలా దొర్లాయి.

"రోషన్, వద్దు!" స్టెఫీ అరిచింది.

మోచేయి గీరుకుపోయి, కాగితంతో పైకొచ్చాడు. "ఇది మీదే అంకుల్," అని మర్యాదగా చూపించి సంచిలో వేసుకున్నాడు.

ఫ్రాన్సిస్ మొహం నల్లబడిపోయింది. "ఈ సంబంధం అవ్వదు."

"అవ్వకపోతే నాను ఇంకెవర్నీ చేసుకోను," అంది స్టెఫీ. "ఎవరేటన్నా తనకి మంచిదనిపించింది చేసేవాడు నాకు ఒక్కడే దొరికాడు."

మూడో శిఖరం అందరి ఊపిరీ తీసేసింది. చెట్ల వేర్లు పట్టుకుని, గడ్డం రాళ్లకు ఆనించి, అంగుళం అంగుళం ఎక్కారు. నిండిన సంచి రోషన్‌ను వెనక్కి లాగేస్తోంది. చివరి బండ మీదికి ముందుగా ఎక్కిన ఫ్రాన్సిస్, రొప్పుతూనే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"బాబూ, ఒక్క మాట. ఆ రోత మూట నా ముందే కిందికి తన్నీ. ఆదివారమే ఫాదర్‌తో ప్రధానం మాట్లాడతాను. లేదంటావా, దాన్నెత్తుకుని అటేపు దిగిపో. నా గుమ్మం తొక్కకు."

"ఏటండీ ఈ పంతం!" అంది ప్రేమలీల. "కుర్రాడు పొద్దున్నుంచీ..."

"నువ్వు నోర్ముయ్యే."

స్టెఫీ రోషన్ వైపు చూస్తూ నిలబడింది. వాడేం చెయ్యబోతున్నాడో తనకు తెలుసన్నట్టు పెదవుల మీద కాస్త నవ్వు కూడా ఉంది.

రోషన్ సంచిని చూశాడు. స్టెఫీని చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"మీరెలా అంటే అలాగే అంకుల్," అని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

మూతి ఊడిన సంచి పల్టీలు కొట్టింది. సీసాలు భళ్లుభళ్లున పగులుతూ లోయలోకి పోయాయి. కవర్లు గాలికి లేచి, పొద పొదకీ ఒకటి చొప్పున వాలాయి. డైపరు అన్నిటికన్నా ముందు దొర్లింది.

"అద్దీ!" ఫ్రాన్సిస్ చప్పట్లు కొట్టాడు. అంతదాకా అంటరానట్టు చూసిన కుర్రాణ్ణి గ్లవ్స్‌తో సహా వాటేసుకున్నాడు. "ఇప్పుడు మనోడివిరా! పెద్దోళ్ల మాటకి ఇలువ తెలిసినోడు. సరే అన్నాను. ప్రేమా, మైసూర్‌పాక్ తియ్యవే!"

రోషన్ స్టెఫీ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అంతా నీ కోసమే కదా. పెళ్లయిపోయాక మళ్లీ ఏరుకుందాంలే."

స్టెఫీ కింద పొదల మీద రెపరెపలాడుతున్న కవర్ల వైపు కాసేపు చూసింది. నోట్లో మైసూర్‌పాక్‌తో మెరిసిపోతున్న తండ్రి దగ్గరికి నడిచింది.

"ఇతను నాకు తగడని పొద్దున్నుంచీ నువ్వు చెప్తనే ఉన్నావు నాన్నా, నువ్వే రైటు," అంది. "తప్పు నాదే."