పొట్ట కరగాలంటే

బొగ్గుగని కంపెనీ దవాఖాన మెట్లు సగం ఎక్కేసరికే నతానియేలుకు ఆయాసం వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి ఆగాడు. పొట్ట ముందుకు తోసుకొచ్చి, బెల్టు ఎప్పుడో కిందికి జారింది.

“మెల్లగ రా బాపూ,” అని ఎలీషా తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

గోదావరిఖనిలో ఇలాంటి కొడుకు ఇంకెవరికి ఉన్నాడని నతానియేలు మురిసిపోతాడు. తోటి కార్మికుల కొడుకులు తండ్రుల జేబులు వెతికి మరీ సిగరెట్లు పారేస్తారు. ఎలీషా అలా కాదు. షిఫ్టు అయిపోయి తండ్రి బొగ్గుబాయి గేటు దాటేసరికి కొత్త సిగరెట్ పెట్టెతో ఎదురుచూస్తుంటాడు.

నిరుడు గుడ్‌ఫ్రైడేకు నతానియేలు సిగరెట్ మానేశాడు. కొద్దిరోజులకే కాస్త ఒళ్లు చేశాడు.

“చూసినవా బాపూ, మానేసినందుకే గిట్లయింది. తాగుతే పొట్ట కరుగుతది,” అన్నాడు ఎలీషా.

చదువుకున్న కొడుకు మాట. నతానియేలు నమ్మి మళ్లీ అంటించాడు. భార్య సువార్త ఇద్దరితోనూ కొట్లాడింది. “నీకేం తెల్వదవ్వా,” అని ఎలీషా ఆమె నోరు మూయించాడు.

లోపల గదిలో డాక్టరమ్మ టేపుతో నతానియేలు నడుము కొలిచింది. ఎండిన చేతులూ పిక్కలూ చూసింది.

“రోజుకు ఎన్ని తాగుతావు?”

“డబ్బ దాటుతది మేడం. పొట్ట కరగాల్నని...”

“ఎవరు చెప్పారయ్యా నీకు? పొగ తాగేవాళ్లకు కాళ్లూ చేతులూ చిక్కిపోయినా, కొవ్వు కడుపులో పేరుకుంటుంది. గుండెకు అదే ముప్పు. ఇవ్వాళే మానెయ్.”

నతానియేలు కొడుకు వైపు తిరిగాడు.

“నువ్వే గదరా కరుగుతదన్నవ్? నీ మాట వట్టుకునే గదరా మళ్ల మొదలువెట్టిన!”

ఎలీషా తల వంచుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “తెల్వక చెప్పిన బాపూ. మాఫ్ చెయ్యి.”

ఆ కన్నీళ్లు చూసి తండ్రి కోపం నిలవలేదు. “తియ్ బిడ్డా, ఇయ్యాల్టి సంది ముట్ట,” అని భుజం తట్టి బయటికి వచ్చాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాక, మందుల చీటీ బల్ల మీదే మరిచానని గుర్తొచ్చి వెనక్కి నడిచాడు.

తలుపు ఓరగా ఉంది. లోపల ఎలీషా బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతున్నాడు:

“మేడం, బాపును డ్యూటీకి అన్‌ఫిట్ చేసి ఆయన నౌకరి నాకియ్యాల్నంటే, ఆ పొట్ట ఇంకెంత పెరగాలె?”