పంపు సీలు తెంపిందెవరు?

“ఎవురు తెంపినారు ఈ సీలు?”

లారీ ఓనరు వెంకటేశ్వర్లు అరుపుకు డోన్ బైపాసు పక్కనున్న మెకానిక్ షెడ్డు మొత్తం ఉలిక్కిపడింది. డీజిల్ పంపుకు వేసిన సీసపు సీలు తెగి, తీగ వేలాడుతోంది.

మెకానిక్ ఏసన్న చేతుల నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. “ఇంజనుకు పోయే డీజిలు పెంచినారన్నా. అందుకే పొద్దున ఖాళీ బండి అట్ల దూకింది. ఆ నల్లపొగ గూడా దానికే.”

డ్రైవర్ హనుమేష్ మొహం వాడిపోయింది. “నేను ముట్టుకోలేదన్నా. ఒట్టు.”

డ్రైవర్లు ఓనరుకు తెలియకుండా పంపు పెంచుకోవడం ఆ రోడ్డు మీద కొత్తేం కాదు. లోడుతో కొండమీది ఘాటు రోడ్డు తొందరగా ఎక్కొచ్చు, ఇంకో ట్రిప్పు వేసుకోవచ్చు. ఇంజను కాలితే మాత్రం నష్టం ఓనరుది. అందుకే ఆ సీలు. సీలు తెగిందంటే డ్రైవరు ఉద్యోగం కూడా తెగినట్టే.

అంతలో హనుమేష్ తల్లి సుంకమ్మ రొప్పుతూ వచ్చింది. కొడుకు స్టీరింగ్ పట్టిన నాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. గువ్వలచెరువు ఘాటు అన్న మాట వింటే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. ఘాటు దాటినానని కొడుకు ఫోన్ చేసేదాకా వాకిట్లోంచి లేవదు.

“సామీ, నా కొడుకు అట్లాంటోడు కాదు!”

“కాకపోతే ఎవురమ్మా? రాత్రంతా బండి మీ ఇంటి ముందరే కదా ఉండేది?”

“మా ఇంటి ముందరే సామీ. నేను వాకిట్లోనే పండుకుంటి. బయటోళ్లు ఒక్కరు గూడా ఆ పక్కకు రాలే.”

హనుమేష్ తల పట్టుకున్నాడు. “అమ్మా!”

“నువ్వుండు నాయనా, నీకు మాట్లాడేది రాదు. సామీ, వానికి స్క్రూలు తిప్పే యావ చిన్నప్పుడు ఉండె. ఇంట్లో ఫ్యాను, మిక్సీ ఒకటీ మిగల్లే. ఇప్పుడు మానుకున్యాడు. పోయిన నెల నా కుట్టుమిషను ఒకటే ఇప్పినాడు, అంతే.”

వెంకటేశ్వర్లు కళ్లు చిన్నవయ్యాయి. “ఓహో.”

“ఘాటులో అందరూ నన్ను దాటుకుని పోతాండారు, నామోషీగా ఉండాది అని ఏడుస్తాండె గానీ, దానికోసం పంపు ముట్టుకుంటాడా?”

“అట్లన్యాడా?”

“కోపంలో అన్యాడు సామీ, మనసులో ఏం లేదు. ‘ఇది ఎద్దులబండి కన్నా కనాకష్టం, ఏదో ఒకటి చెయ్యాల’ అన్యాడు. చేసింటే నాతో చెప్పడా?”

ఏసన్న వంగి పానా కోసం వెతకసాగాడు. పానా అతని చేతిలోనే ఉంది.

“నీకు దండం పెడతానమ్మా, ఇంటికి పో!” హనుమేష్ చేతులు జోడించాడు.

“చూడు సామీ, ఎట్ల వణుకుతాండాడో! తప్పు చేసినోడు గూడా ఇంత వణకడు.”

వెంకటేశ్వర్లు చెయ్యి చాపాడు. హనుమేష్ జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

“అసలైతే పనిలోంచే తరమాల. మీ అమ్మ అమాయకత్వం చూసి ఊరుకుంటాండా. బేతంచెర్లలోని మన బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడింగు కాడ నిలబడు. స్టీరింగు మాత్రం జన్మలో ముట్టుకోవద్దు.”

“రాళ్ల కాడనా సామీ!” సుంకమ్మ గుండెలు బాదుకుంది. “బండి మీద రాజు మాదిరి తిరిగే పిల్లోడు! ఇంకోసారి ఆలోచించు సామీ.”

“శానా ఆలోచించినా. నువ్వు ఇంగ నోరు తెరిస్తే ఆ పని గూడా ఉండదు.”

ఆమె టక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

హనుమేష్ లారీ తలుపును ఒకసారి అరచేత్తో తట్టి, తల దించుకుని ఓనరు జీపెక్కాడు. తల్లి వైపు చూడలేదు. జీపు దుమ్ము రేపుకుంటూ బేతంచెర్ల రోడ్డు పట్టింది. అది మలుపు తిరిగేదాకా సుంకమ్మ కదలకుండా చూసింది. తర్వాత ఏసన్న దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

“నేను పెంచమన్న డీజిలు ఇంగ తగ్గించెయ్ నాయనా.”