ఫోన్ పాటే బాగుందన్న మనిషి

"ఇది కాదు నాయనా," అన్నాడు వచ్చినాయన.

చంటికి విసుగొచ్చింది. తిరుగుతున్న రికార్డు మీద నుంచి ముల్లు ఎత్తాడు.

తర్లుపాడులో ఆ ఇంటికి రాక్ పాటల రికార్డుల కోసం మనుషులు రావడం ఈమధ్యే మొదలైంది. వాటిని పోగుచేసిన అన్న పవన్ కుమార్ పోయాడు కదా, తమ్ముడు చవగ్గా వదిలించుకుంటాడని వాళ్ళ ఆశ. ఈయనా అదే బాపతు అనుకున్నాడు చంటి.

అన్న ఉన్నప్పుడు ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. పాటకు ప్రాణం రికార్డులోనే ఉంటుందనేవాడు అన్న. ఫోన్లో వినడమంటే ఉప్పులేని కూడు తిన్నట్టేనట. చంటి పంతానికి ఫోనే గొప్పదనేవాడు.

ఇప్పుడు చంటికి రెండూ ఒకటే. ఏది పెట్టినా ఏమీ అనిపించడం లేదు. అన్న పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో కూడా కంట్లో చుక్క రాలేదు.

ఏడుపంతా అమ్మ మగ్దలీనమ్మదే. బైకు మీద నుంచి పడ్డ అన్నను ఎవరో మార్కాపురం ఆసుపత్రిలో దించి, పోలీసు కేసంటే భయపడి పేరైనా చెప్పకుండా పోయారు. అప్పటికే ప్రాణం లేదు.

అప్పట్నుంచీ గడప తొక్కిన ప్రతి మనిషినీ మగ్దలీనమ్మ ఒకటే అడుగుతోంది.

"నా బిడ్డ చివరికి ఏమన్నాడయ్యా?"

పాపం, వచ్చినవాళ్ళు ఏం చెబుతారు? నేలచూపులు చూస్తారు. అది చూడలేక, ఎవరొచ్చినా చంటి ముందు అమ్మ గదికి గొళ్ళెం పెడుతున్నాడు. ఈరోజూ పెట్టాడు.

"ఇంతకీ ఏ పాట గావాల నీకు?"

"ఇంగ్లీషుది. ముందు గిటారు ఒక్కటే మోగుతాది. ఆమీట ఒకాయన గొంతు చించుకుంటాడు."

"అన్నీ అట్లనే ఉంటాయి పెద్దాయనా!"

అయినా ఇంకో రికార్డు పెట్టాడు. ఆయన చెవి రిక్కించాడు.

"పాట ఇదే. శబ్దం ఇది కాదు."

"అదేంది?"

"ఇంత నిండుగా ఉండదు. సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాది."

చంటి అదే పాట ఫోన్లో పెట్టాడు.

"ఆ! ఇదే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతిసంచీని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

పాట సగానికి రాగానే, "ఆపేయ్ నాయనా," అన్నాడు.

"ఇంకా సగముంది."

"ఇంతవరకే చాలు."

"ఫోన్ పాటే నచ్చినోడివి, నీకు రికార్డులెందుకు పెద్దాయనా?"

ఆయన ఇల్లంతా ఓసారి చూశాడు.

"మీ అమ్మ ఉందా?"

"లేదు. ఊరికి పోయింది."

"ఎప్పుడొస్తాది?"

"తెలీదు."

"బెంగుళూరికి పనికి పోతుండా. బండికి టైమయింది..."

గుమ్మంలో ఆగి ఏదో చెప్పబోయాడు. చంటి మొహం చూసి మానేశాడు.

చంటి తలుపేసి, అమ్మ గది గొళ్ళెం తీశాడు.

"ఎవరు నాయనా వచ్చింది?"

"రికార్డుల బేరగాడులే మా."

పొద్దుగూకే వేళకు ఎలీషబా వచ్చింది. ఆమె మార్కాపురం ఆసుపత్రిలో ఆయా. రొప్పుతూనే అడిగింది.

"ఆయన ఏడీ? చేతిసంచీ ఆయన?"

"ఎప్పుడో పోయినాడు. ఈపాటికి బెంగుళూరు బండి కూడా పోయుంటాది."

"పేరన్నా అడిగినావా?"

"బేరగాని పేరుతో మనకేంది పని అక్కా?"

ఎలీషబా గడప మీద కూలబడింది. మాటలు విని మగ్దలీనమ్మ వచ్చి నిలబడింది.

"బేరగాడేందిరా! మీ అన్న తల ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చింది ఆయనే. పిల్లోని జేబులో ఫోను పాడతానే ఉన్నిందంట, ఆ పాట అయిపోకముందే ప్రాణం పోయిందంట. 'మా అమ్మకు చెప్పు' అని పిల్లోడు ఒక మాట చెప్పినాడు, అది ఆ తల్లికే చెప్పాల అని ఆయన అంటే, నేనే ఇంటి గుర్తులు చెప్పి పంపినా."