మాటల్లేని టేపు

“మూడో టేపు కూడా తెచ్చారా! ముందు ఇలా ఇవ్వండి.”

కాలేజీ రేడియోలో ఒక పాట నడుస్తుండగానే, ప్రోగ్రామ్ నడిపే టోబిన్ లేచి, మార్లా చేతిలోని క్యాసెట్ లాక్కున్నంత పని చేశాడు. ఆ టేపుల్లో పాడింది ఆమె తమ్ముడు గ్యారెట్. కంపెనీలేవీ పట్టించుకోని పాటలు, గరాజ్‌లో రికార్డు చేసుకున్నవి. ఊళ్లో వాటిని వేసేది టోబిన్ ఒక్కడే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విన్నాడు. గిటారు లేదు. మాటలూ లేవు. జీరగొంతు ఒక్కటే సాగుతోంది.

“అబ్బ! మొదటి టేపులో అందరిలాగే శుభ్రంగా పాడాడు. రెండోదాంట్లో మాటల్ని ముక్కలు చేశాడు. ఇందులో మాటల్నే పారేశాడు! పెద్ద కంపెనీల బ్యాండ్లకి ఉందా ఇంత దమ్ము?”

“పారెయ్యలేదు,” అంది మార్లా. “మాట పడిపోయింది. నరాల జబ్బు. చేతులు కూడా పడిపోయాయి. ఇక నాలుగో టేపు ఉండదు.”

టోబిన్ మొహం పాలిపోయింది. “అయ్యో, ఇన్నాళ్లూ రేడియోలో ఏమేం వాగానో! ఇప్పుడే మైకులో క్షమాపణ చెప్తాను.”

“ఆ పని మాత్రం చెయ్యకు. బయట కార్లో నీ ప్రోగ్రామే వింటున్నాడు. వాడు కావాలనే అలా పాడుతున్నాడని నమ్మింది నువ్వొక్కడివే. ఇందాక నాతో ఏమన్నావో అదే చెప్పు.”

పాట అయిపోయింది. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది.

“గ్యారెట్ కొత్త పాట,” అన్నాడు టోబిన్. “ఇందులో మాటల్నే పారేశాడు. ఎంత...”

మాట అక్కడే తెగిపోయింది. కావాలని చేసింది కాదు.